జర్మన్ ముత్తాత పుట్టిన ఊరు కావాలంటే ముందు అమెరికా చర్చిలో వెతకండి

మా కోడలు అమెరికాలోని సిన్సినాటి అమ్మాయి. కిందటేడు పంటల మీద పరకాల దగ్గర మా ఊరికి తీసుకెళ్తే, పిచ్చకుంట్లాయన వచ్చి మా వంశం మొత్తం గడగడా చదివి వడ్లు పోయించుకుని పోయాడు. ఆ పిల్ల నోరు తెరుచుకుని చూసి, "మామయ్యా, మా తాత వాళ్ల తాత జర్మనీ నుంచి వచ్చాడని తప్ప మాకు ఇంకేం తెలియదు" అంది. నేను రిటైరయ్యేదాకా తహసీల్ ఆఫీసు రికార్డు రూములో ఉన్నవాణ్ణి, పాత కాగితమంటే చెయ్యి ఊరుకోదు. హనుమకొండలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఎనిమిది నెలల్లో పట్టుకున్నాను. పిల్లలు అక్కడివాళ్లను చేసుకున్న ఇళ్లు మన దగ్గర ఇప్పుడు చాలానే ఉన్నాయి కాబట్టి, ఎలా వెతకాలో రాస్తున్నా.

పేరు పట్టుకుని జర్మనీ మీద పడొద్దు. ఊరు పేరు లేకుండా సర్వే నంబరు ఒక్కటే చెప్పి పహాణీ ఇవ్వమంటే ఎంత పనో ఇదీ అంతే. అక్కడ ప్రభుత్వం పుట్టుకలు రాసుకోవడం, జర్మన్ రాజ్యాల్లో పెద్దదైన ప్రష్యాలో 1874 అక్టోబరులో, దేశమంతా 1876 జనవరి 1 నుంచి మొదలైంది. రైన్ నదికి పడమటి ఒడ్డున మాత్రం ఫ్రెంచివాళ్ల పుణ్యమా అని 1798 నుంచే ఉంది. మిగతా చోట్ల అంతకుముందు పుట్టినవాళ్ల వివరం ఎవరి ఊరి చర్చి పుస్తకంలో వాళ్లకే, అన్నీ ఒకచోట చేర్చిన రిజిస్టర్ లేదు. పైగా 1871 దాకా జర్మనీ అనే ఒకే దేశం లేదు, అందుకే అమెరికా జనాభా లెక్కల్లో ప్రష్యా, బవేరియా, హనోవర్ అని రాసి వదిలేస్తారు. 1906కు ముందు పౌరసత్వం కాగితాల్లో కూడా చాలావరకు అంతకుమించి ఉండదు.

ఆ ఊరు పేరు దొరికేది అమెరికాలో వాళ్లు వెళ్లిన చర్చిలోనే. వలస వచ్చిన జర్మన్లు లూథరన్లైనా కాథలిక్కులైనా తమ భాషలో నడిచే చర్చికే వెళ్లేవాళ్లు, ఫాదరో పాస్టరో కూడా చాలాసార్లు జర్మనీవాడే, ఆ ఊళ్ల పేర్లు ఆయనకు కొత్త కాదు. కౌంటీ ఆఫీసు పెళ్లి సర్టిఫికెట్లో 'జర్మనీ' అని మాత్రమే ఉన్న మనిషికి, చర్చి రిజిస్టర్లో ఊరు పేరుతో సహా ఉండొచ్చు. పెళ్లి, పిల్లల బాప్తిస్మం, ఖననం మూడూ చూడండి. (మన గుంటూరుకు 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ కూడా ఇలా జర్మనీలో పుట్టి, చిన్నప్పుడే అమెరికా చేరినవాడే.)

మీ మనిషి ఒక్కడినే పట్టుకుని కూర్చుంటే నాలాగే మూడు నెలలు పోగొట్టుకుంటారు. కోడలి వాళ్ల ఆ పెద్దాయన ఖననం పేజీలో ఊరు పేరే లేదు, వయసు మాత్రం ఉంది. విసుగొచ్చి ఆయన చెల్లెలి ఖననం తీస్తే ఊరు పేరు అక్కడుంది, గోధుమరంగు సిరా, చివరి రెండక్షరాల మీద మరక. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లల బాప్తిస్మంలో జ్ఞానతల్లిదండ్రులుగా (బిడ్డ తరఫున పూచీ ఉండేవాళ్లు) నిలబడ్డవాళ్లు, అందరి పేజీలూ తిప్పాల్సిందే. హాంబుర్గ్ రేవులో ఎక్కి ఉంటే ఇంకో దారి కూడా ఉంది, 1850 నుంచి 1934 దాకా ప్రయాణికుల లిస్టులు మిగిలాయి, వాటిలో చివరగా ఉన్న ఊరు రాస్తారు. బ్రేమెన్ నుంచి వచ్చినవాళ్ల లిస్టులు చాలావరకు మిగల్లేదు, ఆశ పెట్టుకోకండి.

ఇంటిపేరు గురించి ఒక మాట. దిగేటప్పుడు ఆఫీసర్లు మార్చేశారని ప్రతి ఇంట్లో ఒక కథ ఉంటుంది, నమ్మకండి, ఓడ ఎక్కిన చోట రాసిన లిస్టునే వాళ్లు సరిచూసుకునేవాళ్లు. తర్వాత వీళ్లే మార్చుకున్నారు. మ్యూలర్ మిల్లర్ అయ్యాడు, ష్మిట్ స్మిత్ అయ్యాడు. జర్మనీ వాయవ్యంలోని వెస్ట్‌ఫాలియాలోనైతే ఇల్లరికం వెళ్లిన అల్లుడు ఆ పొలం పేరే ఇంటిపేరుగా పెట్టుకునేవాడు, తండ్రి ఇంటిపేరు కలవట్లేదని పేజీ వదిలేయకండి.

ఊరు దొరికాక అది ఏ చర్చి కిందికి వస్తుందో చూడాలి. మన శివారు పల్లెలు ఇంకో రెవెన్యూ గ్రామం కింద ఉన్నట్టే, చిన్న ఊళ్లకు సొంత చర్చి ఉండేది కాదు. దీనికి 1912 నాటి మేయర్స్ గెజిటీర్ అనే ఊళ్ల పేర్ల పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితంగానే ఉంది. ఒకే పేరుతో నాలుగైదు ఊళ్లు వస్తాయి, ప్రష్యానా బవేరియానా అని అమెరికా కాగితంలో రాసింది అప్పుడు పనికొస్తుంది. లూథరన్ల లాంటి ప్రొటెస్టెంట్ పుస్తకాలైతే ఆర్కియాన్ అనే వెబ్‌సైట్‌లో, డబ్బులు కట్టాలి, ఒక నెలకు కట్టుకుని ఆ నెల గట్టిగా కూర్చోండి. కాథలిక్ పుస్తకాలు మాట్రిక్యులా అనే సైట్‌లో ఉచితం. ఫ్యామిలీసెర్చ్ అనే సైట్ కూడా ఉచితమే, కాకపోతే కొన్ని పేజీలు వాళ్ల సెంటర్‌కు వెళ్తేనే తెరుచుకుంటాయి.

ఇక అసలు టెన్షన్ చదవడం దగ్గర. సేత్వార్ అనే పాత భూమి రికార్డులో ఉర్దూ గొలుసుకట్టు రాత చదివినవాణ్ణి నాకేంటి అనుకున్నా, కుర్రెంట్ అనే పాత జర్మన్ చేతిరాత చూడగానే చెమటలు పట్టాయి. అందులో 'ఈ' (e) అక్షరం అచ్చం 'ఎన్' (n) లాగే ఉంటుంది, 'యు' (u) మీద చిన్న వంపు గీత పెడతారు, అది చూసే తేడా పట్టాలి. నేను చేసిన పని ఒకటే, ముందు తెలిసిన మాటలు పట్టుకున్నా. యోహాన్, అన్నా అనే పేర్లు, నెలల పేర్లు ప్రతి పేజీలో ఉంటాయి కదా, వాటిలోంచి ఆ పాస్టర్ ఏ అక్షరం ఎలా రాస్తాడో ఒక కాగితం మీద గీసుకుని గోడకు అంటించా. కాథలిక్ పుస్తకాలు చాలావరకు లాటిన్‌లో ఉంటాయి, నాటుస్ అంటే పుట్టినవాడు, పాట్రిని అంటే జ్ఞానతల్లిదండ్రులు, ఓ పది మాటలు వస్తే చాలు.

నేను బోల్తాపడ్డ చోటు చెప్తా. ఖననం పేజీలో వయసు 63 ఏళ్లు, 4 నెలలు, 11 రోజులు అని ఉంది, పోయింది 1891 మార్చి 2న. వెనక్కి లెక్కేస్తే 1827 అక్టోబరు 22 వస్తుంది. బాప్తిస్మం పుస్తకంలో పేరు సరిపోయింది, తల్లిదండ్రులు సరిపోయారు, తేదీ దగ్గర మాత్రం 22, పక్కన 8, దాని వెంట 'బర్' అని ఉంది. ఎనిమిదో నెల అంటే ఆగస్టు కదా, వీడు కాదు అని పక్కన పడేశా. వారం తర్వాత తెలిసింది, అది అక్టోబర్ అట. లాటిన్‌లో 'అక్టో' అంటే ఎనిమిది. 7 బర్ సెప్టెంబరు, 9 బర్ నవంబరు, 10 బర్ డిసెంబరు. బాప్తిస్మం తేదీ రెండు రోజుల తర్వాత ఉంది, అప్పట్లో పసిపిల్లలకు అంత తొందరగానే ఇచ్చేవాళ్లు.

దొరికిందని అక్కడితో ఆగొద్దు. తర్వాతి పదేళ్ల ఖననాల పేజీలు కూడా తిప్పండి, ఎందుకంటే బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి మళ్లీ అదే పేరు పెట్టేవాళ్లు. ముగ్గురు అన్నదమ్ములకీ ముందు యోహాన్ ఉంటే కంగారుపడకండి, ఇంట్లో పిలిచేది చాలాసార్లు రెండో పేరు.

ప్రతి పేజీకీ పుస్తకం పేరు, సంవత్సరం, పేజీ నంబరు రాసుకుని ఫొటో దాచుకోండి, నేను మొదట్లో రాసుకోక రెండుసార్లు తిరిగి వెతికా. తండ్రి పేరు పక్కన వృత్తి కూడా ఉంది, లైనెవేబర్, అంటే నారబట్ట నేసేవాడు. ఆ మాట చెప్పగానే కోడలు వరంగల్‌లో నేతగాళ్లుండే కొత్తవాడకు వెళ్లి జంపఖానా ఒకటి కొనుక్కుని సూట్‌కేసులో పెట్టుకుంది. ఇప్పుడు ఆ నేతగాడి పెళ్లి పేజీ కోసం చూస్తున్నాం, ఆ ఏళ్ల పుస్తకం ఆన్‌లైన్‌లో లేదు, పారిష్ ఆఫీసుకు జర్మన్‌లో మెయిల్ పెట్టాం.