డోసింగ్ పంపు మెయింటెనెన్స్ ఎలా చేయాలి? నాబ్ తిప్పే ముందు చూడాల్సినవి

పెద్ద కిచెన్‌లో కడిగిన గ్లాసుల మీద మచ్చలు మిగిలిపోతున్నాయని ఫిర్యాదు రాగానే చాలామంది చేసే మొదటి పని, మెషిన్‌కు కొలత ప్రకారం కెమికల్ అందించే డోసింగ్ పంపు నాబ్‌ను కాస్త పెంచడం. లాండ్రీలో దుప్పట్లు తెల్లగా రాకపోయినా అదే మందు. కొన్నాళ్లకు కెమికల్ ఖర్చు ఎందుకింత పెరిగిందని ఆఫీసు నుంచి ఇంకో ఫిర్యాదు వస్తుంది. అసలు లోపం చాలాసార్లు పంపు లోపల అరిగిన ట్యూబ్‌లోనో, క్యాన్ అడుగున మూసుకుపోయిన ఫిల్టర్‌లోనో ఉంటుంది. కాబట్టి ముందు కొలవండి, తర్వాత వెతకండి. సెట్టింగ్ జోలికి అన్నిటికంటే చివర వెళ్లండి.

మీ దగ్గరున్నది ఏ రకమో ముందు చూసుకోండి. డిష్‌వాషర్లకు, లాండ్రీ మెషిన్లకు ఎక్కువగా పెరిస్టాల్టిక్ పంపులు ఉంటాయి. మోటారుకు బిగించిన రోలర్లు ఒక మెత్తని ట్యూబ్‌ను నొక్కుతూ తిరుగుతాయి, కెమికల్ ముందుకు కదులుతుంది. బకెట్లు, స్ప్రే బాటిళ్లు నింపుకోవడానికి గోడకు బిగించే డిస్పెన్సర్లు వెంచురి రకం. వాటికి కరెంటు అక్కర్లేదు, నీటి ప్రెషరే కెమికల్‌ను లాగుతుంది.

1. చేతులు పెట్టే ముందు

డిష్‌వాషర్ డిటర్జెంట్లలో చాలావరకు కాస్టిక్, అంటే ఘాటైన క్షారం, ఉంటుంది. ఒక్క చుక్క కంట్లో పడినా చూపుకే ప్రమాదం. గాగుల్స్, కెమికల్ గ్లవ్స్ లేకుండా పంపు మూత తీయకండి. కెమికల్‌తో వచ్చే సేఫ్టీ డేటా షీట్‌లో 4వ సెక్షన్ ప్రథమ చికిత్స, 8వ సెక్షన్ రక్షణ సామగ్రి గురించి చెబుతాయి. కనీసం ఈ రెండూ చదివి పని మొదలుపెట్టండి. కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడుగుతూనే ఉండి, ఆపై డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

పంపు విప్పే ముందు కరెంటు మెయిన్ దగ్గర ఆపి, ఎవరూ మళ్లీ వేయకుండా లాక్ చేయండి లేదా ట్యాగ్ కట్టండి. దానికంటే ముందే పికప్ ట్యూబ్‌ను (క్యాన్ నుంచి పంపులోకి కెమికల్ లాగే ట్యూబ్) క్యాన్‌లోంచి తీసి, శుభ్రమైన నీళ్లలో పెట్టి పంపును కాసేపు నడిపించండి. లైన్‌లో కెమికల్ పోయి నీళ్లు నిండుతాయి, విప్పినప్పుడు చిందినా నీళ్లే చిందుతాయి. ఇక బ్లీచ్ నడిచిన లైన్‌లోకి యాసిడ్ ఎట్టి పరిస్థితుల్లోనూ వెళ్లకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. లాండ్రీలో బ్లీచ్ క్యాన్, యాసిడ్ క్యాన్ పక్కపక్కనే పెట్టే అలవాటు ఉంటే ఈ రోజే మాన్పించండి.

2. కొలవడం

ఒక మెజరింగ్ సిలిండర్, ఒక స్టాప్‌వాచ్ చాలు. సిలిండర్‌లో అసలు కెమికల్‌నే పోయండి. చిక్కదనం వేరు కాబట్టి నీళ్లతో కొలిస్తే లెక్క తప్పుతుంది. పికప్ ట్యూబ్‌ను అందులో ముంచి, ప్రైమ్ బటన్ నొక్కి గాలి బుడగలన్నీ పోనివ్వండి. తర్వాత సరిగ్గా 60 సెకన్లు నడిపి ఎన్ని మిల్లీలీటర్లు తగ్గిందో రాసుకోండి. ఇలా మూడుసార్లు చేయండి. పంపు నుంచి మెషిన్‌కు వెళ్లే డెలివరీ ట్యూబ్‌ను తగిలించే ఉంచాలి, రోజూ పంపు మీద పడే ఒత్తిడి కొలతలోనూ ఉండాలి కదా.

ఇన్‌స్టలేషన్ రోజు రాసిన అంకెతో పోల్చండి. 10 శాతం లోపు తేడా అయితే నేను పట్టించుకోను. అంతకు మించితే వెతకాల్సిందే. మూడు కొలతలూ ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తే మాత్రం ఎక్కడో గాలి లాగుతోందని ముందుగా అనుమానించండి.

కొలత సరిగ్గా ఉండి, ఫలితం మాత్రం రాకపోతే కెమికల్‌నే చూడాలి. బ్లీచ్ ఎండకు, వేడికి బలం తగ్గిపోతుంది. బాయిలర్ పక్కన నెలల తరబడి ఉంచిన క్యాన్‌కు పంపు ఏం చేయగలదు?

3. క్యాన్ వైపు నుంచి మొదలుపెట్టండి

పికప్ ట్యూబ్ చివర ఫిల్టర్ కడగండి. ట్యూబ్ క్యాన్ అడుగు దాకా వెళ్తోందా, ఎక్కడైనా మడత పడిందా చూడండి. నట్ బిగించే చోట ట్యూబ్ గట్టిపడి సన్నగా చీలుతుంది. బయటికి చుక్క కూడా కారదు, లోపలికి గాలి మాత్రం పోతుంది. ఆ కొసను కొంచెం కత్తిరించి మళ్లీ బిగిస్తే చాలాసార్లు సరిపోతుంది.

4. స్క్వీజ్ ట్యూబ్ మార్చడం

పెరిస్టాల్టిక్ పంపులో రోలర్లు నొక్కే మెత్తని ట్యూబే స్క్వీజ్ ట్యూబ్. ఈ పంపుల్లో ఎక్కువగా అరిగేది ఇదే. రోలర్ నొక్కి వదిలాక ట్యూబ్ తిరిగి గుండ్రంగా లేవాలి, ఆ లేవడంతోనే కెమికల్ లోపలికి వస్తుంది. అలసిన ట్యూబ్ చప్పిడిగా ఉండిపోతుంది. మోటారు అదే వేగంతో తిరుగుతుంటుంది, చప్పుడూ మారదు, డోసు మాత్రం వారం వారం తగ్గుతుంది. అందుకే ఎవరి కంటా పడదు. వాడకాన్ని బట్టి సాధారణంగా 3 నుంచి 6 నెలలకోసారి మార్చేయండి, పగిలేదాకా ఆగితే కాస్టిక్ మోటారు మీద కారుతుంది.

మూత తీసి, రోటర్‌ను తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పుతూ పాత ట్యూబ్‌ను బయటికి తీయండి. హౌసింగ్‌లో తెల్లగా పేరుకున్న పొడి కనిపిస్తే అది ఎండిన కెమికల్. తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ప్రతి రోలర్‌నూ వేలితో తిప్పి చూడండి, పట్టేసిన రోలర్ కొత్త ట్యూబ్‌నూ రోజుల్లో కోసేస్తుంది. కొత్త ట్యూబ్ లోపలి వ్యాసం, గోడ మందం పాతదానంతే ఉండాలి. ఇక మెటీరియల్: సాధారణంగా రిన్స్ ఎయిడ్‌కు (చివరి కడుగులో మచ్చలు పడకుండా కలిపే ద్రవం) సిలికాన్ ట్యూబ్, కాస్టిక్ డిటర్జెంట్‌కు ఈపీడీఎం లేదా శాంటోప్రీన్ అనే రబ్బరు రకాల ట్యూబ్ వేస్తారు. రెండూ తారుమారైతే త్వరగా పాడవుతాయి. ఈపీడీఎం, శాంటోప్రీన్ ట్యూబ్ అయితే రోలర్లకు పలచగా సిలికాన్ గ్రీజు రాయండి. చేతికందిన మామూలు గ్రీజు రాస్తే ఈపీడీఎం రబ్బరు ఉబ్బిపోతుంది. ట్యూబ్ మెలిక పడకుండా కూర్చోబెట్టి మూత వేయండి.

పంపు ఆపాక పికప్ ట్యూబ్‌లో కెమికల్ మట్టం నిలబడాలి. మెల్లగా కిందికి జారుతుంటే ట్యూబ్ సరిగ్గా నొక్కుకోలేదని, లేదా ఎక్కడో గాలి చొరబడుతోందని అర్థం. అన్నీ అయ్యాక మళ్లీ రెండో దశ కొలత చేయండి. ఇప్పుడూ తేడా ఉంటేనే నాబ్.

5. వెంచురి డిస్పెన్సర్ అయితే

1:50 అని రాసి ఉంటే 5 లీటర్ల నీళ్లకు 100 మిల్లీలీటర్ల కెమికల్ పోవాలి. బకెట్ నింపి, సిలిండర్‌లో తగ్గినది చూడండి. తక్కువగా లాగితే నీటి ఇన్‌లెట్ జాలీ, వెంచురిలో పేరుకున్న సున్నం, మీటరింగ్ టిప్ (ఎంత కెమికల్ పోవాలో తన రంధ్రంతో నిర్ణయించే చిన్న ముక్క), నీటి ప్రెషర్ ఒక్కొక్కటిగా చూసుకోండి. టిప్ మూసుకుపోతే గోరువెచ్చని నీళ్లలో నానబెట్టండి. పిన్నుతో పొడిస్తే రంధ్రం పెద్దదై నిష్పత్తే మారిపోతుంది. టిప్ రంగుల అర్థం తయారీదారును బట్టి మారుతుంది, వాళ్ల చార్టే చూడాలి. ప్రతిసారీ మొదట ఉత్త నీళ్లే వస్తుంటే పికప్ ట్యూబ్ అడుగున కెమికల్ వెనక్కి జారకుండా ఆపే ఫుట్ వాల్వ్ పోయినట్టు. నీళ్లు కారుతున్నాయని బ్యాక్‌ఫ్లో ప్రివెంటర్‌ను తీసేసి నేరుగా పైపు కలిపేవాళ్లున్నారు. అలా చేస్తే కెమికల్ తాగునీటి లైన్‌లోకి వెనక్కి వెళ్లే దారి తెరిచినట్టే.

6. కండక్టివిటీ ప్రోబ్

నీటిలో కరెంటు ఎంత ప్రవహిస్తుందో చూసి డిటర్జెంట్ ఎంత ఉందో అంచనా వేసే సెన్సర్ ఇది. డిష్‌వాషర్ ట్యాంకులో ప్రోబ్ ఉంటే దాని మీద సున్నం పేరుకోకుండా చూసుకోండి. మురికి ప్రోబ్ రీడింగ్ తక్కువ చూపిస్తుంది, కంట్రోలర్ డిటర్జెంట్ పోస్తూనే ఉంటుంది. శుభ్రం చేశాక డ్రాప్ టెస్ట్ కిట్‌తో (రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టి డిటర్జెంట్ బలం చూసే కిట్) ట్యాంకు నీటిని సరిచూడండి.

7. ఇంజినీర్‌ను ఎప్పుడు పిలవాలి?

ప్రైమ్ నొక్కితే తిరిగి, వాష్ సైకిల్‌లో తిరగకపోతే పంపు బాగానే ఉంది, బహుశా మెషిన్ నుంచి సిగ్నల్ రావడం లేదు. రెండిట్లోనూ తిరగకపోతే సప్లై, ఫ్యూజు, మోటారు చూడాలి. మెయిన్స్ వైరింగ్ అర్హత ఉన్నవాళ్ల పని. ఫోన్ చేసేటప్పుడు పంపు మోడల్, కెమికల్ పేరు, మీ మూడు కొలతలు, ట్యూబ్ చివరిసారి మార్చిన తేదీ చెప్పండి, సరైన స్పేర్‌తోనే వస్తారు. ఆ తేదీని మార్కర్‌తో పంపు మూత లోపల రాసి ఉంచండి. రిజిస్టర్ ఎక్కడ పెట్టారో ఆ సమయానికి ఎవరికీ గుర్తుండదు.