బుష్ పైలట్‌గా మొదటి ఉద్యోగం: గంటలు తక్కువున్నా తలుపు తెరుచుకునే దారి

సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేతికొచ్చేనాటికి లాగ్‌బుక్‌లో 200 నుంచి 250 ఎగిరిన గంటలుంటాయి. బుష్ ఆపరేటర్లు, అంటే మారుమూల చోట్లకు చిన్న విమానాలు నడిపే కంపెనీలు, అడిగేది 500, ఒక్కోచోట 1,000. ఈ తేడా ఎవరు పెట్టారో తెలిస్తే ఎక్కడ ప్రయత్నించాలో తెలుస్తుంది. కొన్నిచోట్ల అది చట్టమే. అలాస్కాలో డబ్బు తీసుకుని ప్రయాణికులను తిప్పే చిన్న ఆపరేటర్లు పార్ట్ 135 అనే అమెరికా విమానయాన నిబంధనల కింద నడుస్తారు. అక్కడ వీఎఫ్‌ఆర్‌లో (బయటికి చూస్తూ ఎగిరే పద్ధతి) కెప్టెన్‌గా కూర్చోవాలంటే మొత్తం 500 గంటలు, అందులో 100 క్రాస్‌కంట్రీ (ఒకచోటి నుంచి మరోచోటికి ఎగిరినవి), ఆ వందలో 25 రాత్రిపూట ఉండాలి. ఐఎఫ్‌ఆర్ (మీటర్ల ఆధారంగా ఎగిరే పద్ధతి) అయితే 1,200. ఎంత మంచి చీఫ్ పైలటైనా ఈ అంకెను తగ్గించలేడు. కాబట్టి 250 గంటలతో అక్కడ అడిగి లాభం లేదు. ముందు బోధన, స్కైడైవర్లను పైకి తీసుకెళ్లడం, గ్లైడర్ టోయింగ్, పైప్‌లైన్ పహరా లాంటి వాటితో ఆ తేడా పూడ్చుకోవాలి.

మిగతాచోట్ల ఆ అంకె చాలావరకు బీమా కంపెనీది. అది కొంత కదులుతుంది. ఫలానా పైలట్‌కు మా విమానం మీద అదనపు శిక్షణ ఇచ్చాకే ఒంటరిగా పంపుతామని చీఫ్ పైలట్ బ్రోకర్‌కు చెబితే ఒప్పుకునే సందర్భాలున్నాయి. కానీ ముక్కూమొహం తెలియని మనిషి కోసం ఆ ఫోన్ ఎవరూ చేయరు. అందుకే ఈ రంగంలో మొదటి ఉద్యోగం ఈమెయిల్‌కు దొరకడం అరుదు, కళ్లెదుట పనిచేస్తున్న మనిషికే దొరుకుతుంది.

ఎక్కడికి, ఏ నెలలో

ఎక్కడికెళ్లినా మొదటి ప్రశ్న ఆ దేశంలో మీకు పనిచేసే హక్కు ఉందా అన్నది. అది లేకుండా అలాస్కా గురించో ఉత్తర ఆస్ట్రేలియా గురించో కలలు కనడం కాలం వృథా.

ఉత్తర కెనడాలో యెల్లోనైఫ్, థాంప్సన్, రెడ్ లేక్, సూ లుకౌట్ లాంటి ఊళ్లలో 200 గంటలవాళ్లను నేరుగా విమానం ఎక్కించరు. ముందు ర్యాంపు (విమానాలు నిలిపే చోటు) మీదో, నీటి మీద దిగే ఫ్లోట్ విమానాల రేవులోనో సామాను మోయిస్తారు. సరస్సుల మీద మంచు కరిగేసరికి మే వస్తుంది. రేవు పనికి మనుషుల్ని ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే ఎంచుకుంటారు. జూన్‌లో వెళ్తే ఆ ఏడాదికి తలుపులు మూసుకున్నట్టే.

ఉత్తర ఆస్ట్రేలియాలో కనునర్రా, బ్రూమ్, డార్విన్ ముఖ్యం. వానలు వెనకబట్టాక పొడి సీజన్ మొదలవుతుంది, బంగిల్ బంగిల్ కొండల మీద విహారాలు, మారుమూల పల్లెలకు చార్టర్లు (అద్దె విమానాలు) ఊపందుకుంటాయి. దానికి ముందే, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ మధ్య అక్కడికి చేరి హ్యాంగర్లు తిరగాలి. సెస్నా 206, 210, ఎయిర్‌వ్యాన్ లాంటి చిన్న విమానాల మీద పని మొదలవుతుంది.

బోత్స్వానాలోని మౌన్ నుంచి ఒకవాంగో డెల్టా సఫారీ క్యాంపులకు విమానాలు ఎగురుతాయి. 206 లేదా ఎయిర్‌వ్యాన్‌తో మొదలుపెట్టినవాళ్లు తర్వాత వాటికన్నా పెద్దదైన సెస్నా క్యారవాన్‌కు మారతారు. విదేశీ పైలట్‌కు వర్క్ పర్మిట్ ఉండాలి, లైసెన్స్‌ను స్థానిక పౌర విమానయాన సంస్థ ఆమోదించాలి. ఈ కాగితాలకు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. జీతం లేకుండా కనీసం మూడు నెలలు నెట్టుకురాగలిగే డబ్బు చేతిలో ఉంచుకుని బయల్దేరండి.

రేటింగుల (లైసెన్స్‌కు చేర్చుకునే అదనపు అర్హతలు) మీద తొందరపడి ఖర్చు పెట్టకండి. టెయిల్‌వీల్ (తోక కింద చక్రముండే విమానం) శిక్షణ సాధారణంగా 10 గంటల లోపే అయిపోతుంది, ఎక్కడైనా పనికొస్తుంది. ఫ్లోట్ సంగతి వేరు. కెనడాలో 5 గంటలతో రేటింగ్ వస్తుంది గానీ దానితో ఏ బీమా కంపెనీ ఒప్పుకోదు. 50 గంటల ఫ్లోట్ కోర్సులున్నాయి, అవి ఖరీదైనవి. మీరు చేరాలనుకునే ఆపరేటర్‌తో మాట్లాడాకే అందులో దిగండి.

ర్యాంపు పని

దీన్ని చాకిరీ అనుకునేవాళ్లు ఎక్కువ కాలం నిలబడరు. నిజానికి ఇది నెలల తరబడి సాగే ఇంటర్వ్యూ. ఇక్కడ గమనించేది మూడు విషయాలు: బరువు, ఇంధనం, సమయం.

ప్రతి పెట్టెనూ కాటా మీద పెట్టండి, చేత్తో ఎత్తి అంచనా కట్టకండి. బరువైనవి ముందుకు, తేలికైనవి వెనక్కి. ప్రతిదాన్నీ వలతోనో పట్టీలతోనో బిగించాలి. కుదుపుల్లో ఒక పెట్టె వెనక్కి జారితే సీజీ (విమానం గరిమనాభి) కూడా వెనక్కి జరుగుతుంది, ముక్కు పైకి లేచిపోతుంది. క్యారవాన్‌లో సామాను ఎక్కించేటప్పుడు తోక కింద స్టాండు పెట్టడం మరిచిపోతే విమానం వెనక్కి కూలబడుతుంది.

ఇంధనం చాలాచోట్ల 200 లీటర్ల పీపాల్లో వస్తుంది. పీపాను పడుకోబెట్టి నిల్వ చేసేటప్పుడు రెండు మూతలూ గడియారంలో 3, 9 అంకెలున్న చోటికి వచ్చేలా ఉంచాలి. అప్పుడు మూతల లోపలివైపు ఇంధనం తగులుతూ ఉంటుంది, బయటి తేమ లోపలికి పీల్చుకోదు. వాడేముందు నిలబెట్టి నీరు అడుక్కు దిగేదాకా ఆగి, గొట్టం అడుగుకు ఆనకుండా పైనుంచి తోడాలి. స్థిర విద్యుత్తును నేలకు పంపే ఎర్తింగ్ తీగ ముందు తగిలించాలి, వడకట్టే గరాటు తప్పనిసరి. పిస్టన్ ఇంజిన్లకు పోసే ఆవ్‌గ్యాస్ 100ఎల్‌ఎల్ నీలంగా, జెట్ ఇంధనం దాదాపు రంగు లేకుండా గడ్డిఛాయలో ఉంటుంది. పిస్టన్ ఇంజిన్‌లో జెట్ ఇంధనం పోస్తే టేకాఫ్ పవర్ దగ్గర డిటొనేషన్ (ఇంధనం అదుపులేకుండా పేలినట్టు మండటం) వచ్చి ఇంజిన్ దెబ్బతింటుంది. రెండూ కలిసిపోతే రంగు చూసి పసిగట్టడం కష్టం, కాబట్టి పీపా మీది రాత కూడా చదవండి.

చలిప్రాంతంలో వీటికి రెక్కల మీద మంచుపొర తుడవడం, తెల్లవారకముందే ఇంజిన్ వేడిచేయడం తోడవుతాయి. పైలట్ వచ్చేసరికి విమానం సిద్ధంగా ఉంటే చాలు, మీ పేరు అందరికీ గుర్తుంటుంది.

రెజ్యూమె ఒక్క పేజీ మించకూడదు. మొత్తం గంటలు, పీఐసీ (మీరే కెప్టెన్‌గా ఎగిరినవి), క్రాస్‌కంట్రీ, రాత్రి, టెయిల్‌వీల్, ఫ్లోట్, గత 90 రోజుల్లో ఎగిరినవి, మెడికల్ సర్టిఫికెట్ గడువు, ఏ తేదీకి చేరగలరో రాయండి. మీ ఒంటి బరువు కూడా రాయండి, 206లో అది నేరుగా పేలోడ్ (మోయగల బరువు) లెక్కలోకి వస్తుంది. మెకానిక్ పని, వెల్డింగ్, పెద్ద ట్రక్కు నడపడం వస్తే బడిలో వచ్చిన మార్కులకన్నా ముందు పెట్టండి. గంటలు మాత్రం పెంచి రాయకండి. విమానం లాగ్‌తో సరిపోల్చితే దొరికిపోతారు, అంతదాకా పోకుండానే చెక్ ఫ్లయిట్ (ఉద్యోగానికి ముందు ఎగిరించి చూసే పరీక్ష) మొదటి సర్క్యూట్‌లో, అంటే రన్‌వే చుట్టూ తిరిగే మొదటి చుట్టులోనే, బయటపడుతుంది. కలవడానికి ఉదయం మొదటి విమానాల హడావుడిలో వెళ్లకండి, మధ్యాహ్నం వెళ్లండి. రెండు మూడు వారాలకోసారి కొత్త గంటలతో మళ్లీ కనిపించండి.

చెక్ ఫ్లయిట్

పిలుపు వచ్చిందంటే సగం నిర్ణయం అయిపోయినట్టే. ఇక చూసేది లెక్కా, నిగ్రహమూ. ముందు రాత్రి ఆ విమానం హ్యాండ్‌బుక్ చదివి లోడ్ లెక్క వేసుకోండి. ఉదాహరణకు 206 గరిష్ఠ టేకాఫ్ బరువు 1,633 కిలోలు. ఖాళీ బరువు 1,000 అనుకుందాం, పైలట్ 80, 200 లీటర్ల ఆవ్‌గ్యాస్ లీటరుకు 0.72 చొప్పున 144. మిగిలేది 409 కిలోలు. నలుగురు పెద్దమనుషులూ వాళ్ల సంచులూ ఎక్కితే అది అయిపోతుంది. ఆరు సీట్లున్నాయి కదా అని ఆరూ నింపేవాడిని ఎవరూ తీసుకోరు.

తర్వాత డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే వేడికి గాలి పలచబడి విమానం ఇంకా ఎత్తులో ఉన్నట్టు పనిచేసే లెక్క. మౌన్ ఎత్తు సుమారు 3,100 అడుగులు. ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. ఎండ 35 ఉంటే తేడా 26, డిగ్రీకి 120 అడుగుల చొప్పున మరో 3,100. అంటే ఇంజినూ రెక్కా 6,200 అడుగుల మీద ఉన్నట్టు పనిచేస్తాయి. ఈ లెక్క అడగకముందే నోటితో చెప్పగలగాలి.

మట్టి స్ట్రిప్ మీద కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు వేగంగా రావడం. నిర్ణీత వేగానికి పది నాట్లు (విమాన వేగానికి కొలమానం) ఎక్కువైతే విమానం నేల తాకకుండా తేలుతూ పోతుంది, సగం స్ట్రిప్ అయ్యాక బ్రేకులు తొక్కితే ఇసుకలో చక్రాలు జారతాయి. ముందు ఒకసారి పైనుంచి దాటి గాలి, గుంతలు, జంతువులు చూడాలి. ఎక్కడ దిగాలో, ఎక్కడిదాకా వచ్చాక ఇక గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) కుదరదో పైకే చెప్పాలి. టేకాఫ్‌కు 70/50 సూత్రం: స్ట్రిప్ సగానికి వచ్చేసరికి లేచే వేగంలో 70 శాతం రాకపోతే ఆపేయాలి. 70 శాతం వేగమంటే శక్తిలో సగమే, మిగతా సగం మిగిలిన నేలలో రావాలి. తడినేల, పొడవాటి గడ్డి ఉంటే ఆ సూత్రాన్నీ గుడ్డిగా నమ్మొద్దు.

వాతావరణం బాగాలేదని మీరే వెనక్కి తిప్పినా మార్కులు పోవు. చాలామంది చీఫ్ పైలట్లు కావాలనే అలాంటి పరిస్థితి కల్పిస్తారు.

సంతకానికి ముందు

ఎగరాలా వద్దా అన్నది ఎవరు తేలుస్తారు, విమానంలో శాటిలైట్ ట్రాకర్ ఉందా, జీతం నెలకా గంటకా అని అడగండి. గంటకే జీతమైతే చెడు వాతావరణంలో ఎగరాలన్న ఒత్తిడి మీ జేబులోంచే వస్తుంది. శిక్షణ బాండు (ముందే మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలన్న ఒప్పందం) ఉంటే మొత్తం ఎంత, నెలనెలా తగ్గుతుందా, కంపెనీయే తీసేస్తే మీరు కట్టాలా అన్నది కాగితం మీద ఉండాలి. గంటలకోసం మీరే కంపెనీకి డబ్బు కట్టే బేరాలకు దూరంగా ఉండండి. చివరగా టెక్ లాగ్ (విమానం లోపాలు, మరమ్మతులు రాసే పుస్తకం) చూపించమనండి. పైలట్లు రాసిన లోపాలు, వాటి పక్కన మెకానిక్ సంతకాలు వరుసగా ఉంటే మంచిదే. నెలల తరబడి ఒక్క లోపమూ రాయని పాత 206 ఉందంటే, అక్కడ లోపాలు రాయనివ్వడం లేదని అర్థం.