ఆన్‌లైన్ దుకాణంలోని చెల్లింపు గేట్‌వేల జాబితాను ఏఐ ఏజెంట్‌తో తెప్పించుకోవడం ఎలా?

"మన దుకాణంలో ఇప్పుడు ఏయే చెల్లింపు గేట్‌వేలు ఆన్‌లో ఉన్నాయి?" అని అడిగితే ఏఐ ఏజెంట్ (టూల్స్ వాడి మన తరఫున పనులు చేసే ఏఐ) సరైన సమాధానం చెప్పేలా ఏర్పాటు చేయడం ఒక పూట పని. చెల్లింపు గేట్‌వే అంటే కొనేవారి నుంచి దుకాణం తరఫున డబ్బు తీసుకునే రేజర్‌పే లాంటి సేవ, దాని రహస్య కీ అంటే ఆ సేవను వాడడానికి దుకాణానికి ఉన్న పాస్‌వర్డ్ లాంటిది. ఆ పూటలోనే గేట్‌వే రహస్య కీలను తెలియకుండా బయటపెట్టుకున్న దుకాణాలను సరిచేసి విసిగిపోయి ఈ పద్ధతి రాస్తున్నాను. ఉదాహరణకు వర్డ్‌ప్రెస్ అనే సైట్ల సాఫ్ట్‌వేర్ మీద నడిచే వూకామర్స్ దుకాణాన్ని తీసుకుంటాను. వూకామర్స్ అంటే వర్డ్‌ప్రెస్ సైటును దుకాణంగా మార్చే ప్లగిన్, అంటే అదనంగా చేర్చుకునే ప్రోగ్రాం.

కావలసినవి మూడే: హెచ్‌టీటీపీఎస్ (సమాచారాన్ని గుప్తంగా పంపే పద్ధతి) ఉన్న సైటు, చిన్న ప్రోగ్రాం (కింద 'టూల్' అనేది దీనినే) నడవడానికి ఒక సర్వరు, ఎంసీపీ పద్ధతిలో టూల్స్‌ను వాడగలిగే ఏజెంట్. ఎంసీపీ అంటే ఏజెంట్‌ను బయటి టూల్స్‌తో కలపడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్. ప్రోగ్రాంను పైథాన్‌లోనే రాయండి.

ముందుగా షాప్ మేనేజర్ హోదాతో కొత్త యూజర్‌ను సృష్టించండి. యజమాని అడ్మిన్ ఖాతాను ఈ పనికి వాడకూడదు. తరువాత వూకామర్స్ సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ అనే ట్యాబ్ కింద ఉన్న రెస్ట్ ఏపీఐ (వేరే ప్రోగ్రాంలు దుకాణం సమాచారాన్ని అడిగే ద్వారం) విభాగంలో, ఆ కొత్త యూజర్ పేరున, 'రీడ్' అనుమతితో మాత్రమే ఒక కీ తీసుకోండి. ఆ కీలోని రహస్య భాగమైన కన్స్యూమర్ సీక్రెట్ ఒక్కసారే కనబడుతుంది కాబట్టి వెంటనే సర్వరులోని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (ప్రోగ్రాం కోడ్‌కు బయట విలువలను ఉంచే చోటు) దాచండి. దానిని ఏజెంట్‌తో జరిపే చాట్‌లో ఎప్పుడూ అతికించకండి. ఇక టూల్ చేయవలసిందల్లా ఈ కీతో ఏపీఐ మూడో వెర్షన్‌లోని 'పేమెంట్ గేట్‌వేస్' చిరునామాకు ఒక గెట్ అభ్యర్థన (సమాచారం ఇమ్మని మాత్రమే అడిగేది) పంపడమే.

చాలామంది బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. 'రీడ్' అనుమతి ఉన్న కీ దేనినీ మార్చలేదు కాబట్టి ప్రమాదం లేదని అనుకుంటారు. కానీ ఈ చిరునామా నుంచి వచ్చే జవాబులో ప్రతి గేట్‌వేకూ పేరు, వరుస, ఆన్‌లో ఉందా లేదా అన్న వివరాలతో పాటు 'సెట్టింగ్స్' అనే భాగం కూడా ఉంటుంది. గేట్‌వే ప్లగిన్‌లో మీరు నింపిన విలువలు అందులో ఉంటాయి. రహస్య కీని కూడా ఆ ఫారంలోనే నింపి ఉంటే, అది కూడా అక్షరం పొల్లుపోకుండా వచ్చేస్తుంది. చదివే హక్కే ఇక్కడ అసలు ప్రమాదం.

"రహస్య కీలను చూపించవద్దు" అని ఏజెంట్‌కు సూచన రాసి ఊరుకోవడం రక్షణ కాదు. ఏజెంట్ దానిని మీకు చూపించకపోయినా, ఆ సమాచారం అప్పటికే మీ సర్వరు దాటి మోడల్ దగ్గరకు వెళ్లిపోయింది, చాట్ లాగ్‌లలో కూడా నిలిచిపోయి ఉండవచ్చు. ఒకసారి నేను ఇలాగే నిర్లక్ష్యం చేసి, పండుగ అమ్మకాల సాయంత్రం ఒక దుకాణం రహస్య కీని మార్చవలసి వచ్చింది. కొత్త కీ నింపేవరకు చెకౌట్ ఆగిపోయింది.

అందుచేత వడపోత టూల్‌లోనే, రెండు చోట్ల జరగాలి. మొదటిది అభ్యర్థనలో: వర్డ్‌ప్రెస్ ఏపీఐకి ఉన్న 'అండర్‌స్కోర్ ఫీల్డ్స్' (_fields) అనే పారామీటర్‌లో ఐడీ, టైటిల్, మెథడ్ టైటిల్, ఆర్డర్, ఎనేబుల్డ్ అనే ఐదింటినే అడగండి. ఆ పేరు ముందున్న అండర్‌స్కోర్‌ను మరచిపోతే తప్పు జరిగినట్టు ఏ సందేశమూ రాదు. మొత్తం జవాబు, సెట్టింగ్స్‌తో సహా, నిశ్శబ్దంగా వచ్చి పడుతుంది. కాబట్టే రెండో వడపోత తప్పనిసరి: వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు ఏజెంట్‌కు అందించకుండా, ఆ ఐదు విలువలను మాత్రమే ఏరి కొత్త జాబితా కట్టి అందించండి. సెట్టింగ్స్‌ను తీసేసి మిగిలింది పంపడం కన్నా కావలసినవే ఏరుకోవడం మేలు, ఎందుకంటే రేపు ఏదైనా ప్లగిన్ కొత్త భాగాన్ని చేర్చినా అది బయటకు పోదు.

ఏ భాగాలు కావాలో ఎంచుకునే అవకాశాన్ని ఏజెంట్‌కు ఇవ్వకండి. "రేజర్‌పే ఎందుకు పనిచేయడం లేదు?" అని మీరు అడిగిన మరుక్షణం అది సెట్టింగ్స్ కూడా కావాలని అడుగుతుంది. టూల్‌కు ఇన్‌పుట్‌లే ఉండకూడదు. టెస్ట్ మోడ్‌లో ఉందో లేదో తెలియాలంటే, రేజర్‌పే కీ ఐడీ మొదట్లో 'టెస్ట్' అని ఉందా 'లైవ్' అని ఉందా అన్నది మీ ప్రోగ్రామే చూసి, ఆ ఒక్క మాటను జాబితాకు చేర్చవచ్చు. దీనికోసం మాత్రం సెట్టింగ్స్‌ను సర్వరు వరకు తెప్పించుకోక తప్పదు, అప్పుడు రెండో వడపోత ఒక్కటే మీకు దిక్కు.

బ్రౌజరులో అడ్మిన్ పేజీ తెరిచి ఏజెంట్‌నే చూసుకోమనడం ఇంతకన్నా సులువని కొందరు వాదిస్తారు. ఆ పేజీలో గేట్‌వేను ఆపేసే మీట కూడా ఉంటుందని వారికి గుర్తుండదు.

టూల్ వివరణలో రెండు సంగతులు తప్పక రాయండి. ఆపివేసిన గేట్‌వేలు కూడా జాబితాలో వస్తాయి. వూకామర్స్‌తో పాటే వచ్చే చెక్ పేమెంట్స్‌ను ఎవరూ ఆన్ చేయకపోయినా అది అక్కడ ఉంటుంది, ఏజెంట్ తొందరపడి "మీరు చెక్కులు తీసుకుంటారు" అని చెప్పేస్తుంది. అలాగే ఇది గేట్‌వేల జాబితా, చెల్లింపు పద్ధతుల జాబితా కాదు. రేజర్‌పే ఒక్క వరుసగానే కనబడుతుంది, యూపీఐ, కార్డులు, నెట్ బ్యాంకింగ్ దాని లోపల ఉంటాయి. ఇది రాయకపోతే, యూపీఐ ఉందా అన్న ప్రశ్నకు ఏజెంట్ లేదని తేల్చేస్తుంది.

ఏజెంట్‌కు కలపడానికి ముందు టూల్‌ను చేతితో ఒకసారి నడపండి. వచ్చిన జవాబులో మీ రహస్య కీ చివరి నాలుగు అక్షరాలను వెతకండి, దొరికితే మళ్లీ రెండు వడపోతల దగ్గరకు వెళ్లండి. దొరకకపోతే ఏజెంట్‌ను కలిపి జాబితా అడిగి, బుట్టలో ఒక వస్తువు వేసి చెకౌట్ పేజీతో పోల్చి చూడండి. క్యాష్ ఆన్ డెలివరీని కొన్ని డెలివరీ పద్ధతులకే పరిమితం చేసి ఉంటే, జాబితాలో ఆన్‌లో ఉన్నది చెకౌట్‌లో కనబడకపోవచ్చు. అది టూల్ తప్పు కాదు.