గంగ జాతరకు వెళ్తున్నారా? ఫోన్ కాస్త జేబులో పెట్టి ఇలా చూడండి

తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో చాలామంది ఫొటోలు దిగి, పొంగలి తిని వచ్చేస్తారు. తప్పేం లేదు. కానీ అసలు ఈ తంతులు ఎందుకో తెలియాలంటే చాటింపు నుంచే మొదలుపెట్టండి. ఆ రాత్రి చాటింపు వేశాక ఊరివాళ్లు పొలిమేర దాటకూడదనేది కట్టుబాటు. 1909లో ఆర్నాల్డ్ వాన్ జెన్నెప్ అనే జానపద ఆచారాల పరిశోధకుడు సంస్కారాలకు మూడు దశలు చెప్పాడు: మామూలు బతుకు నుంచి విడిపోవడం, అటూఇటూ కాని నడిమి స్థితి, మళ్లీ కలవడం. ఆయన చెప్పింది ముఖ్యంగా పెళ్లి, చావులాంటి వాటి గురించే అయినా ఇక్కడా బాగానే సరిపోతుంది.

వేషాల రోజుల్లో ఒక్క మనిషిని ఎంచుకుని దగ్గరగా చూడండి. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్లగా నామం, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, పైన వేపమండలు. మీసాలున్న మగాడు చీర కట్టి పూలు పెట్టుకుంటే వాళ్లమ్మే పక్కన నిలబడి కుచ్చిళ్లు సర్దుతుంది, ఎవరూ నవ్వరు! మిగతా రోజుల్లో తిడితే గొడవయ్యే బూతులు కూడా అప్పుడు అమ్మవారికి మొక్కే. ఆడవాళ్లను వేధించిన పాలెగాడి కోసం గంగమ్మ వేషాలు మార్చి వెతికిందనే కథ తెలిస్తే ఇదంతా ఇంకా బాగా అర్థమవుతుంది.

వివరాలు పెద్దవాళ్లనే అడగండి, కానీ "ఎందుకు" అనకండి, "మా తాతల నాటి నుంచీ ఇంతే నాయనా" అంటారు. "చేయకపోతే ఏమవుతుందవ్వా?" అనండి, ఇక ఆపరు.

చివరి తెల్లవారుజామున అమ్మవారి విశ్వరూపం బొమ్మ నుంచి తీసి ప్రసాదంగా పంచే మట్టి కోసం తోపులాట ఉంటుంది, పిల్లల్ని మాత్రం తీసుకెళ్లకండి.