కసాండ్రాలో టైమ్‌స్టాంప్: వేసేది ఎవరో ముందు తేల్చుకోండి

విజయనగరం ఆఫీసు నుంచి, పలాస జీడిపప్పు గోదాము నుంచి ఒకే కసాండ్రా (చాలా సర్వర్ల మీద కలిసి నడిచే డేటాబేస్) టేబుల్లోకి ధరలు ఎక్కుతున్నాయనుకుందాం. ఇన్‌స్టాలేషన్, టేబుల్ తయారీ ఎవరైనా చేసేస్తారు. పని చెడేది ఆ తర్వాతే.

కసాండ్రా ప్రతి సెల్‌కూ (ఒక వరుసలో ఒక కాలమ్ విలువకు) రాసిన సమయాన్ని, అంటే టైమ్‌స్టాంప్‌ను, జత చేస్తుంది, 1970 జనవరి 1 నుంచి గడిచిన మైక్రోసెకన్లలో. ఒకే సెల్‌కు రెండు విలువలు వస్తే పెద్ద టైమ్‌స్టాంప్ ఉన్నదే నిలుస్తుంది. ఏది ముందు చేరిందన్న లెక్క లేదు.

ముందు అన్ని యంత్రాల్లో క్రోనీ (గడియారాన్ని నెట్‌వర్క్ సమయంతో సరిచేసే ప్రోగ్రామ్) పెట్టి గడియారాలు కలపండి. గోదాము కంప్యూటర్‌ను వదిలేయకండి.

తర్వాత టైమ్‌స్టాంప్ ఎవరు వేస్తున్నారో చూడండి. డ్రైవర్ అంటే అప్లికేషన్‌ను కసాండ్రాకు కలిపే లైబ్రరీ. పాత డ్రైవర్లతో అయితే కోఆర్డినేటర్ నోడ్, అంటే ఆ రాతను అందుకున్న కసాండ్రా సర్వర్, వేస్తుంది. జావా డ్రైవర్ 3.0 నుంచి మాత్రం, మీరేమీ చెప్పకపోతే, అప్లికేషన్ నడిచే యంత్రమే వేస్తుంది. పలాసలో గడియారం పది నిమిషాలు వెనకబడి ఉంటే, అయిదు నిమిషాల క్రితం విజయనగరంలో మార్చిన ధరను అక్కడివారు సరిదిద్దలేరు. ఎర్రరూ రాదు. అందుకే శాఖల నుంచి నేరుగా రాసే చోట సర్వర్ వైపు టైమ్‌స్టాంపే ఎంచుకోవాలి. వెంటవెంటనే రాసినవి వేర్వేరు కోఆర్డినేటర్లకు వెళ్తే వరస తారుమారవుతుందని కొందరు వాదిస్తారు. కావచ్చు. కానీ నోడ్ల గడియారాలు మన చేతిలో ఉంటాయి, గోదాముది ఉండదు.

కాక్రోచ్‌డీబీ అనే మరో డేటాబేస్‌కి మారమనేవారికి ఒక మాట: అక్కడా గడియారం గొడవ తప్పదు. నోడ్ల గడియారాల మధ్య మామూలుగా అనుమతించే తేడా 500 మిల్లీసెకన్లు. దానికి దగ్గరపడితే నోడ్ తనంతట తానే ఆగిపోతుంది. 2018లో పలాసను కుదిపేసిన తిత్లీ లాంటి తుపాను వచ్చి ఒక నోడ్ పడిపోయినా మిగిలినవాటితో రాత సాగాలి. నాకు కసాండ్రా నచ్చేది అందుకే.

అసలు ప్రమాదం క్వెరీలో 'యూజింగ్ టైమ్‌స్టాంప్' (USING TIMESTAMP) అని చేత్తో సమయం ఇవ్వడంలో ఉంది. పాత డేటా ఎక్కించేటప్పుడు తప్ప దాని జోలికి పోవద్దు. పోతే, పంపేముందు అంకెలు లెక్కపెట్టండి: 16 ఉండాలి. జావాస్క్రిప్ట్ ఇచ్చే 13 అంకెల మిల్లీసెకన్లను అలాగే పంపితే కసాండ్రా దాన్ని 1970 జనవరి మూడో వారంగా చదువుతుంది. అప్పటికే ఉన్న ఏ విలువా మారదు. 19 అంకెల నానోసెకన్లు ఇంకా ఘోరం. ఆ సెల్ యాభై వేల ఏళ్లకు పైగా ముందుకు వెళ్లి కూర్చుంటుంది. మామూలు అప్‌డేట్, డిలీట్ రెండూ దాన్ని కదపలేవు.

అలా జరిగితే రైట్‌టైమ్‌తో (WRITETIME, సెల్ టైమ్‌స్టాంప్‌ను చూపే ఫంక్షన్) ఆ అంకె చూసి, అదే టైమ్‌స్టాంప్ ఇచ్చి డిలీట్ చేయండి. సమానమైతే డిలీట్‌దే గెలుపు. వెంటనే అదే కీ (వరుసను గుర్తించే విలువ) మీద మళ్లీ రాయకండి. డిలీట్ వదిలే గుర్తు, అంటే టూంబ్‌స్టోన్, కొత్త రాతలనూ కప్పేస్తుంది. మామూలు అమరికలో 864000 సెకన్లు, అంటే 10 రోజులు గడిచి, ఆపై కాంపాక్షన్ (డేటా ఫైళ్లను కలిపి పనికిరానివి తొలగించే పని) దాన్ని తీసేసేదాకా ఆగాలి. అంత ఓపిక లేకపోతే కొత్త కీతో రాసుకోండి. అన్నట్టు, రైట్‌టైమ్ ప్రైమరీ కీ కాలమ్‌ల మీద పనిచేయదు. ధర కాలమ్ మీద అడగండి.