తాతగారి త్రీ నాట్ త్రీ: ముద్రలు చదివాకే ధర మాట

ఆర్మీలో ఆర్మరర్‌గా (ఆయుధాలు చూసి బాగుచేసే పని) చేసి రిటైరయ్యాను కాబట్టి, చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరింట్లో పాత రైఫిల్ బయటపడినా నాకే ఫోన్ వస్తుంది. "అంకుల్, తాతగారి త్రీ నాట్ త్రీ ఉంది, ఎంత పలుకుతుంది?" త్రీ నాట్ త్రీ అంటే .303 అంగుళాల తూటా వాడే పాత ఎన్‌ఫీల్డ్ సైనిక రైఫిల్. నేను మాత్రం ముందు లైసెన్సు పుస్తకం గురించే అడుగుతాను.

లైసెన్సుదారు పోయాక ఆయుధం ఇంట్లో ఉంచుకోకూడదు. 1959 నాటి ఆయుధాల చట్టం 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా పోలీస్ స్టేషన్‌లోనో లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోవాలి. ఆ తర్వాతే వారసుడి లైసెన్సుకు దరఖాస్తు, లేదా అమ్మకం. అది ఏ రైఫిలో గుర్తుపట్టే పని కూడా డీలరు బల్ల మీదే పెట్టుకోండి. ఆయనచేత మ్యాగజైన్ తీయించి, బోల్ట్ (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) వెనక్కి లాగించి, ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే గూటిలో, వేలు పెట్టి ఖాళీ అని తేల్చాకే రైఫిల్ మీద కొట్టిన ముద్రల జోలికి వెళ్ళండి. "నలభై ఏళ్ళుగా మూలన పడుంది, ఖాళీదే" అన్న మాట నేను నమ్మను.

ఇప్పుడు బోల్ట్ పిడి కింద, బట్ (భుజానికి ఆనించే కట్టె) మొదలయ్యే ఇనుప పట్టీకి కుడివైపు చూడండి. రైఫిల్ జాతకమంతా అక్కడే ఉంటుంది. కిరీటం, దాని కింద జార్జి రాజు గుర్తైన జీఆర్ లేదా జీఆర్‌ఐ ఉంటే బ్రిటిష్ కాలంది. తయారైన చోటు లేదా కంపెనీ, సంవత్సరం కూడా అక్కడే కొట్టి ఉంటాయి: ఇంగ్లండ్‌లోని ఎన్‌ఫీల్డ్, బీఎస్‌ఏ కంపెనీ, ఆస్ట్రేలియా లిత్‌గో, మన బెంగాల్ ఇషాపూర్. అశోక సింహాలు, ఆర్‌ఎఫ్‌ఐ (రైఫిల్ ఫ్యాక్టరీ ఇషాపూర్) అని ఉంటే స్వాతంత్ర్యం తర్వాత ఇషాపూర్‌లో చేసింది. 2ఏ, 2ఏ1 అని ఉంటే అది త్రీ నాట్ త్రీ కానే కాదు, 7.62 ఎంఎం తూటాది. 1962 చైనా యుద్ధం తర్వాత వచ్చిన రకం. 2ఏ1 రైఫిల్ వెనక సైట్ (గురి చూసే పట్టీ) మీద దూరం అంకెలు 800 దగ్గర ఆగిపోతాయి, 2ఏ మీద 2000 దాకా ఉంటాయి.

డీపీ (డ్రిల్ పర్పస్) అని కొట్టి ఉంటే అది డ్రిల్లు కోసం పక్కన పెట్టిన రైఫిల్. దాన్ని ఎప్పుడూ పేల్చకూడదు.

నాకు చూపించే "త్రీ నాట్ త్రీ"లలో చాలావాటి బ్యారెల్ మీద 315 అనో 8 ఎంఎం అనో ఉంటుంది. అదే ఎన్‌ఫీల్డ్ బోల్ట్, కాకపోతే కట్టె సగానికే ఆగుతుంది. పౌరుల కోసం చేసిన వేట రైఫిల్ అది. 303 తూటా దానికి వాడకూడదు. ఈ తేడా మీదే ధరంతా ఆధారపడి ఉంది. 303, 7.62, పాత పోలీసు 410 మస్కెట్ (నున్నటి గొట్టం తుపాకి) ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధిత గొట్టం కొలత, కిందికి వస్తాయి. వాటి లైసెన్సు కేంద్రం చేతిలో ఉంటుంది, కొనేవాడు దొరకడమే గగనం. 315కు జిల్లాలోనే లైసెన్సుంటుంది, కొనేవాళ్ళూ ఉంటారు. అమెరికాలో ఉన్న మనవళ్ళు అక్కడి వేలం ధరలు వాట్సాప్‌లో పంపిస్తే పక్కన పెట్టండి. ఆ బజారు వేరు, ఈ బజారు వేరు.

ఒకే బోర్ రైఫిళ్ళ మధ్య తేడా తెచ్చేవి నంబర్లు. బోల్ట్ పిడి మీద, బాడీ మీద, బ్యారెల్ మీద, కట్టె ముందు కొస కింద ఒకే నంబరు ఉంటే మంచి సరుకు. బోల్ట్ నంబరు కలవకపోతే ధర తగ్గడం చిన్న విషయం, ఆర్మరర్ హెడ్‌స్పేస్ గేజ్ (బోల్ట్‌కు, తూటా గూటికి మధ్య ఖాళీ కొలిచే పరికరం) పెట్టి చూడకుండా పేల్చడం ప్రమాదం. తర్వాత బ్యారెల్ లోపలి మెలి గాడులు: మెరుస్తూ పదునుగా ఉన్నాయా, తుప్పు గుంటలు పడ్డాయా?

దయచేసి గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ మాత్రం కొట్టకండి. ఇత్తడి మెరిపించే బ్రాస్సో కూడా వద్దు. కట్టె మీది పాత ముద్రలు పోతే మళ్ళీ రావు. పొడి గుడ్డతో తుడిచి, ఇనుముకు పల్చగా నూనె రాయిస్తే చాలు.

ధర కావాలంటే ఇద్దరు ముగ్గురు డీలర్లను అడగండి. చెప్పే ధర కాదు, ఈమధ్య అదే బోర్ నిజంగా ఎంతకు చేతులు మారిందో అడగండి. ముద్రల ఫొటోలు వాళ్ళకు చూపించండి, ఫ్యామిలీ గ్రూపులో మాత్రం సీరియల్ నంబరు కనిపించేలా పెట్టకండి.