వానలో కొండ నడక: మనసు డీలాపడిన రోజున

పొద్దున్నించీ వాన, ముందంతా పొగమంచు. ఇలాంటి రోజు నేను ముందుగా కిలోమీటర్ల లెక్క ఆపేస్తాను. తడిసిన ఒంటికి గాలి తోడైతే 10 డిగ్రీల్లో కూడా ఒళ్లు ప్రమాదకరంగా చల్లబడొచ్చు. అందుకే నూలు బట్టలు వద్దే వద్దు. ఉన్ని గానీ పాలియెస్టర్ గానీ వేసుకోండి. ఆకలయ్యేదాకా ఆగకుండా గంటకోసారి ఏదో ఒకటి నమలండి. రాత్రికి వేసుకునే బట్టలు, మేజోళ్లు ప్లాస్టిక్ సంచిలో గట్టిగా కట్టిపెట్టండి. మామూలు చలికి వాటిని దారిలో తీయను, ఈ విషయంలో నేను మొండి. కానీ తోటివాళ్ల మాట ముద్దగా వస్తున్నా, అడుగు తడబడుతున్నా ఒళ్లు బాగా చల్లబడిందని గుర్తు, నడక అక్కడితో సరి. గుడారం వేసి, ఆ పొడిబట్టలే తొడగండి. ఉరుము వినిపిస్తే శిఖరం వదిలి దిగండి; చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. ఇంటికి పోదామా అన్నది మాత్రం తడిబట్టల్లో తేల్చొద్దు, వేడిగా తిని పడుకుని తెల్లారాక చూడండి.